సున్నా బై సున్నా

"కూర్చో బావా, మీసం తడుపుకో!" అంటూ త్రికోటేశ్వరరావు కుర్చీ లాగి వేశాడు.

అంకారావు కూర్చున్నాడు. తప్పదు మరి. వెల్దుర్తి బండలాగుడు పోటీలో అతని ఎడ్లే ముందు దిగాయి. దిగి, బండను వాసన చూసి, అక్కడే పడుకున్నాయి. తర్వాత త్రికోటేశ్వరరావు జత దిగి దుమ్ము లేపింది. ఇద్దరి మధ్యా పందెం ఒకటే: వేగం లెక్కగట్టి కంప్యూటరు తెర మీద పెట్టే పేర్లలో ఎవరి పేరు కిందుంటే వాళ్ల మీసం తీసెయ్యాలి. "మనుషులు మాట మారుస్తారు, కంప్యూటరు చెప్పిందే ఖాయం" అని పట్టుబట్టింది త్రికోటేశ్వరరావే.

సెలూన్ యల్లమంద అంకారావు మూతికి నురగ పూశాడు. తెర మీద మాత్రం పేర్లు రాలేదు. ఎర్రటి అక్షరాలేవో వచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది.

"ఏందమ్మా సింధూ, ఏమైంది?" ఆ ప్రోగ్రాం రాసిన మేనకోడల్ని అడిగాడు అంకారావు, లోపల్లోపల పొంగిపోతూ.

"దూరాన్ని టైముతో భాగిస్తే వేగం గదా మావయ్యా. బండ కదిలితేనే గడియారం తిరుగుద్ది. నీ ఎడ్లు కదల్లా. దూరం సున్నా, టైమూ సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే వచ్చేది అసలు అంకే కాదు. అట్టాంటిది వస్తే పక్కన పెట్టమని ముందే రాశా. తీరా 'నువ్వు అంకెవేనా?' అని అడగంగానే ప్రోగ్రామే పడిపోయింది."

"నువ్వు దొంగవా అని అడిగి పోలీసోడే సొమ్మసిల్లినట్టుందే!" ఇకిలించాడు యల్లమంద.

"ఎండకి పడిపోయుంటదిలే పాపం. లేపమాకమ్మా" అన్నాడు అంకారావు.

"లేపాల్సిందే!" త్రికోటేశ్వరరావు గావుకేక పెట్టాడు. "ఆ అడిగేదేందో తీసిపారెయ్. ఏమొచ్చినా ఆగొద్దని చెప్పు దానికి!"

"అట్టా తీసేస్తే బాబాయ్..."

"తియ్యమంటుంటే!"

సింధు తీసేసింది. యల్లమంద కత్తి ఎత్తాడు. అంకారావు గట్టిగా కళ్లు మూసుకుని కోటప్పకొండ స్వామికి మొక్కేసుకున్నాడు.

జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. అంకారావు ఒక కన్ను తెరిచాడు. తెర మీద తన పేరు. పైన!

"ఇదేంది! పడుకున్న ఎడ్లు గెలవడమేంది?" త్రికోటేశ్వరరావు గొంతు కీచుమంది.

"చెప్పనిస్తే గదా బాబాయ్! ముందు దిగినోళ్లని పైన పెట్టి, తర్వాతోళ్లు వాళ్లని మించారా అని అడుగుద్ది. అంకే కానిదాన్ని ఏ అంకె మించుద్ది చెప్పు? లేదు పొమ్మంది."

యల్లమంద అంకారావు మూతి శుభ్రంగా తుడిచి, బ్రష్షు మళ్లీ నీళ్లలో ముంచి, ఇటు తిరిగాడు.

"త్రికోటన్నా, ఏ పక్క నుంచి మొదలెట్టమంటావు?"