చెవి కింద చోటు

ఇవాళ పోటీలో బండ కింద పడాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమె మనసులో ఇంకో మాట లేదు.

బాక్సింగ్ హాల్లో గ్లవ్స్ బాగుచేసే పని ఆమెది. చిరిగిన తోలు కుడుతుంది, తెగిన లేసులు మారుస్తుంది. మూల స్టూలు మీద కూర్చుని సూది ఆడిస్తూనే అందరి ఆటా చూస్తుంటుంది.

పోటీకి ముందు ఆమె నేరుగా, బండతో తలపడబోయే కుర్రాడు గాజు ఉన్న గదిలోకి వెళ్ళింది. ఎన్ని తగిలినా పడడని అతనికి బండ అనీ, తగలడమే ఆలస్యం, పడిపోతాడని ఇతనికి గాజు అనీ పేర్లు పెట్టారు. ఇప్పటికి రెండుసార్లు స్పృహ తప్పి పడ్డాడు. ఇంకోసారి అలా పడితే లైసెన్సు తీసేస్తారు. చేతులకి గుడ్డ చుట్టుకుంటున్నవాడల్లా ఆమెని చూసి లేచి, తన కుర్చీ ఆమెకి జరిపాడు.

"ఏంటక్కా, నన్ను మోసుకెళ్ళడానికి అప్పుడే వచ్చేశావా?"

"వాగకు. చెప్పేది విను. ఆయాసం రాగానే బండ ఎడమ చెయ్యి దిగిపోతుంది. ఈమధ్య ఆ పక్కనుంచి వచ్చే దెబ్బ సరిగ్గా కనిపించడం కూడా లేదు. చెవి కింద, దవడ మడత దగ్గర కొట్టు. గట్టిగా. మొదటి రౌండులోనే."

గాజు ముఖంలో నవ్వు పోయింది.

"నాకు ఆట నేర్పింది బండన్నే అక్కా."

"అందుకే నీకు చెబుతున్నాను."

"తగిలినా పడకపోతే?"

"అక్కడ తగిలితే ఎవరైనా పడాల్సిందే."

"నేనైతే గాలికే పడతాను," అన్నాడు గాజు. ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

పోయిన నెల డాక్టరొకాయన హాలుకి వచ్చి చాలాసేపు మాట్లాడాడు. కుర్రాళ్ళు ఆవలించారు. ఆమె మాత్రం సూది పక్కన పెట్టి విన్నది. దెబ్బకి ఓర్చుకోవడం అందరికీ ఒకేలా ఉండదట. మెడ లావుగా ఉన్నవాడి తల అంతగా అదరదు. దెబ్బ వస్తోందని ముందే పసిగట్టినవాడు బిగుసుకుంటాడు. కొందరికి అది పుట్టుకతోనే వస్తుంది. అయినా నిలబడ్డంత మాత్రాన లోపల మెదడు క్షేమంగా ఉన్నట్టు కాదట. స్పృహ తప్పి పడ్డవాడికి ఆట అక్కడితో ఆగుతుంది. పరీక్షలు చేస్తారు, నెలల తరబడి రింగెక్కనివ్వరు. పడనివాడి తలలోకి ఎవరూ తొంగి చూడరు.

మధ్యాహ్నం పోటీ మొదలైంది. రేకుల కప్పు కింద హాలు ఉడికిపోతోంది.

మొదటి రౌండులోనే గాజు కొట్టాడు. సరిగ్గా అక్కడే. బండ తల గిర్రున పక్కకి తిరిగింది. ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

బండ తల విదిలించి నవ్వాడు.

"బండా! బండా!" జనం గోల.

"కొండని గుద్దితే చెయ్యి నొప్పెట్టదూ?" అన్నాడు పక్క కుర్చీ పెద్దాయన. ఆమె వైపు చూసి గొంతు తగ్గించాడు. "గాజు మీ తమ్ముడా అమ్మా? అలా వణికిపోతున్నావు."

"ఇద్దరి గ్లవ్సూ నేనే కుడతాను."

ఆయన విసురుకుంటున్న పేపరుని కాస్త ఇటు తిప్పి, ఆమెకి కూడా గాలి తగిలేలా విసరసాగాడు.

రెండో రౌండులో మళ్ళీ అక్కడే. మూడులోనూ అక్కడే. గాజు ఇవాళ బెదరలేదు, గురి మార్చలేదు. దెబ్బ పడ్డ ప్రతిసారీ తడి గోనె మీద కర్రతో బాదినట్టు చప్పుడు.

'పడు,' అనుకుంది ఆమె. 'ఒక్కసారి పడవయ్యా. నీకు దణ్ణం పెడతాను.'

అయిదో రౌండులో బండ మోకాళ్ళు వంగాయి. రిఫరీ ముందుకొచ్చాడు. ఆమె సగం లేచింది. బండ తాడు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది. ఆమె ఒక్కతే కూలబడింది.

ఆరో రౌండుకి గాజు చేతులు సీసం ముద్దలయ్యాయి. అప్పుడు బండ ఒకే ఒక్క గుద్దు గుద్దాడు. గాజు కూర్చుండిపోయాడు. స్పృహలోనే ఉన్నాడు గానీ, రిఫరీ పది లెక్కపెట్టేదాకా కాళ్ళు మాట వినలేదు.

"వచ్చే నెలలోనే ఇంకో పోటీ! బండని పడగొట్టే మగాడెవడో చూద్దాం!" మైకులో ఎవరో అరిచారు.

గాజు తూలుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వు చెప్పిన చోటే కొట్టానక్కా. ఒక్కటీ పక్కకి పోలేదు."

"చూశాను," అంది.

గాజు రింగెక్కడానికి ఆమెకి తాడు ఎత్తిపట్టాడు.

బండ తన మూల స్టూలు మీద కూర్చుని, పైన దీపాలకేసి చూస్తున్నాడు. ఎడమ చెవి కింద నల్లగా ఉబ్బింది. ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని గ్లవ్స్ లేసులు విప్పబోయింది. చెమటకి బిగిసిన ముడి రాలేదు. బండ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మీకెందుకమ్మా శ్రమ, మా ఆవిడ వస్తుంది, తనే విప్పుతుంది," అన్నాడు బండ, తన భార్యతో, ఎంతో మర్యాదగా.