దట్టి మాస్కు

"మూతికి మాస్కు లేకుంటే బస్సెక్కనియ్య దేవన్నా!" గల్ఫ్‌లోని ఇబ్రి క్యాంపు గేటు దగ్గర ఫోర్‌మన్ ప్రభాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊపిరాడది సారూ. రాసిపెట్టున్నదే అయితది," అంటూ దేవయ్య చేతిలోని మాస్కును జేబులో కుక్కుకున్నాడు.

అసలే దేవయ్యది దమ్ము రోగం. కరోనా అంటుకుంటే మనిషి దక్కడని డాక్టర్ ముందే చెప్పాడు. కంపెనీ గోడ నిండా పోస్టర్లు అంటించింది, జరిమానా అంది. ప్రభాకర్ బతిమాలాడు, తిట్టాడు. వింటేగా!

అలాంటివాడు మర్నాడు ముక్కు మీంచి గడ్డం దాకా ఆకుపచ్చ మాస్కు బిగించుకుని వచ్చాడు. సైట్లో ఎండ మాడ్చేస్తున్నా తీయలేదు. ప్రభాకర్‌కు ఉండబట్టలేదు.

"ఎవరు చెప్తే విన్నవు దేవన్నా?"

"మా ఇంటామె కమలవ్వ పంపింది సారూ. మా ఊరి పీర్లకు కట్టిన దట్టి గుడ్డతోని కుట్టిచ్చిందట. తీస్తే పీరు ఊకుంటడా?"

"ఎవరు తెచ్చిండ్రు?"

"ఫక్రుద్దీన్ భాయ్ తెచ్చిచ్చిండు."

భక్తి మంచిదే. కానీ విమానాలు ఆగిపోయి నెలలైంది. ఊళ్లోని గుడ్డ ఇక్కడికెలా ఎగిరొచ్చింది? ప్రభాకర్ మధ్యాహ్నమే వెళ్లి, క్యాంపులో బట్టలు కుట్టే ఫక్రుద్దీన్‌ను పట్టుకున్నాడు. అతను తల గోక్కున్నాడు.

"ఏం జెయ్యాలె సాబ్? కమలవ్వ ఫోన్ల ఒకటే ఏడుపు. 'భాయ్, నువ్వు పచ్చగుడ్డతోని కుట్టియ్యి. దట్టి పంపిన్నని నేను చెప్త. పాపం తగిలితే నాకే తగలనియ్యి' అన్నది."

"మరి గుడ్డెక్కడిది?"

"మాఫ్ కర్నా సాబ్... మీ ఆఫీసు కిటికీ పరదా. మీ కుర్చీ వెనక, కింది ముక్క."

ప్రభాకర్‌కు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాడు, ఈ సంగతి దేవయ్య చెవిన పడకూడదు. పడితే ఆ క్షణమే విప్పి పారేస్తాడు.

సాయంత్రం డ్యూటీ సంతకానికి వచ్చిన దేవయ్య, సంతకం పెడుతూ కిటికీ వైపు తలెత్తాడు. ఆకుపచ్చ పరదాకు కింది ముక్క లేదు. ప్రభాకర్ గబుక్కున లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"దాయకుండ్రి సారూ," అని దేవయ్య మాస్కును ఇంకాస్త పైకి లాక్కున్నాడు. "విమానాలు బందైనయని నాకు తెల్వదా? పెండ్లైనకాన్నుంచి ఒక్క అబద్ధమాడని మనిషి, నేను బతకాలని పీరు మీద అబద్ధమాడింది."