మఠం వారి కొర్రల గది

గుడ్లు పొదిగే తల్లిని ఎవరూ పనికి పిలవకూడదన్నది ఆ అడవి చట్టం. నెమళ్ల మఠంలో నైవేద్యానికి కొర్రల పొట్టు తీసే గోరింక ఆ మాట నమ్ముకుని గుడ్లు పెట్టింది. మూడో రోజే మఠాధిపతి నెమలిస్వామి వచ్చి గూటి కింద నిలబడ్డాడు.

"మాది మత సంస్థ అమ్మాయ్. చట్టం మా గుమ్మం బయటే ఆగుతుంది. పనికి రా, లేదా మా మఠం చెట్టు ఖాళీ చెయ్యి."

గుడ్లు చల్లారితే పిల్లలు దక్కవు. గోరింక మొగుణ్ణి గుడ్ల మీద కూర్చోబెట్టి, న్యాయం చెప్పే ఏనుగు అవ్వ దగ్గరికి ఎగిరింది. మొగుడి ఓపిక పూటకు మించదని దానికి తెలుసు.

ఏనుగు అవ్వ నెమలిని పిలిపించింది. "మఠమంటే ఏమిటి స్వామీ?"

"ప్రార్థన జరిగే చోటు. అక్కడ మా ఇష్టమే చెల్లుతుందని మీరే రాసిచ్చారు."

"రాసిచ్చిన మాట నిజమే," అంది అవ్వ.

"అవ్వా, మూడేళ్లలో నన్నక్కడ ఒక్క దండమైనా పెట్టనిచ్చారేమో అడుగు," అంది గోరింక.

"ఆడపక్షి ప్రార్థిస్తే అపచారం కాదూ!" అని మండిపడ్డాడు నెమలిస్వామి.

"విన్నావుగా అవ్వా. దండం పెట్టనివ్వని చోటు నాకు మఠమెలా అవుతుంది? నాకది కొర్రల గది."

అవ్వ తొండమెత్తి నవ్వింది. "ప్రార్థన మీది స్వామీ, దాని జోలికి చట్టం రాదు. పొట్టు తీయడం పని. పని ఉన్నచోట చట్టం ఉంటుంది."

గోరింక వచ్చేసరికి గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మొగుణ్ణి లేపి తను కూర్చుంది. కింద మఠం పెరట్లో స్వాములు పింఛాలు ముడుచుకుని కొర్రలు చెరుగుతున్నారు.

"పొట్టు బాగా తీయండి స్వామీ," అని గోరింక గట్టిగా కేకేసింది, "దేవుడి గొంతులో పడగలదు!"