పై మెట్టు

"ఇంట్లో అందరికీ సమానంగా పంచేస్తే ఎలా సార్?" కొత్తగా చేరిన సహాయకురాలు లాప్‌టాప్ మీంచి తలెత్తింది.

"నేనెక్కడ పంచాను? లెక్క పంచింది," అన్నాడు ఆర్థికవేత్త. "ఇంటి ఆదాయాన్ని ఇంట్లో ఉన్న మనుషులతో భాగిస్తాం. దేశంలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తేలిపోతుంది."

మర్నాడే నివేదిక పంపాలి. అందుకే సెలవు రోజైనా ఆమె మొదటిసారి ఆయనింటికి వచ్చింది.

వంటింట్లోంచి ఒకావిడ టీ తెచ్చింది. భుజం దగ్గర జాకెట్టు చిరుగుని రంగు కలవని దారంతో కుట్టుకుంది. కప్పులు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏంటి?" అన్నాడాయన తల తిప్పకుండా.

"మా అమ్మని ఆస్పత్రిలో చేర్చారట. ఒకసారి చూసొస్తాను. బస్సు చార్జీలకి..."

"మొన్ననేగా వెళ్లొచ్చావు."

"మొన్న కాదండీ. పోయినేడు."

"పనిలో ఉన్నాను, కనబడట్లేదా? నెలాఖరుకి చూద్దాం."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సహాయకురాలు టీ సగంలోనే ఆపేసింది. కప్పు కడిగే వంకతో వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలిన టీ తాగుతోంది.

"ఇవి ఉంచండి," అంటూ సహాయకురాలు సంచిలోంచి నోట్లు తీసింది.

"వద్దమ్మా. ఆయనకి తెలిస్తే బాగుండదు."

"నేను చెప్పనుగా."

"ఎక్కడివని నన్నడుగుతారు. నేను చెప్పాలిగా."

సహాయకురాలు ముఖం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చింది. "సార్, ఒకే ఇంటి కప్పు కింద ఒకరి చేతిలో అన్నీ ఉండి, ఇంకొకరి చేతిలో ఏమీ లేకపోతే?"

"గుమ్మం దాటి లోపలికి తొంగిచూడటం మన పని కాదమ్మాయ్. లెక్కలో తేడా ఏమీ లేదు. కావాలంటే ఇలా చూడు, పరీక్షకి మా ఇంటి వివరాలే ఇచ్చాను."

తెర మీద రెండు చుక్కలు. ఇద్దరు మనుషులు. ఇద్దరూ దేశంలోకెల్లా పై మెట్టు మీద, పక్కపక్కనే.

"చూశావా, ఇద్దరం కలవారిమే," అని నవ్వాడు.

ఆమెకి నవ్వు రాలేదు. మర్యాద కోసం మాట మార్చింది. "మేడమ్‌గారు ఊళ్లో లేరా సార్? పరిచయం చేయనేలేదు."

ఆయన ఖాళీ కప్పు పక్కకి జరిపి, మళ్లీ తెర వైపు తిరిగాడు.

"నీకు టీ ఇచ్చింది తనేగా."