పందిట్లో గద్ద

చింతతోపు పక్షులకు ఒక కట్టుబాటు ఉండేది. గద్ద కనబడితే చూసినవాళ్లు గట్టిగా కూయాలి, విన్నవాళ్లంతా పరుగున రావాలి. ఒక్క భజన పందిట్లో మాత్రం కూయకూడదు. అది దేవుడి చోటు మరి.

పందిట్లో పిల్లలకు పాటలు నేర్పే గురువు నెమలి. వాళ్లకు మేత పెట్టేది గోరింక మంగులు. ఒకరోజు మేత పెడుతుంటే పిచ్చుకపిల్ల రెక్క కింద ఈకలు లేకపోవడం మంగులు కంటబడింది.

"ఏమైంది తల్లీ?"

"గురువుగారు పీకారు. ఎవరికైనా చెబితే దేవుడికి కోపమొస్తుందన్నారు."

మంగులు మేత అక్కడే వదిలేసింది. నేరుగా పందిరి పెద్ద పావురం తాత దగ్గరికి ఎగిరిపోయి సంగతి చెప్పింది.

"మెల్లగా, మంగులూ," అన్నాడు తాత. "నెమలితో నేను మాట్లాడతాలే. ఇది బయటికి పొక్కితే పందిరి పరువేం కాను?"

"నువ్వు మాట్లాడేదాకా పిల్లని ఎక్కడ దాచను తాతా? బయట గద్దను చూస్తే కూస్తాం. లోపలుంటే అది గద్ద కాకుండా పోతుందా?"

అంటూనే మంగులు పందిరి మీదికెక్కి కూసింది. తోపు తోపంతా వచ్చి వాలింది. పిచ్చుకపిల్ల చెప్పింది అందరూ విన్నారు. సాయంత్రానికల్లా నెమలిని తోపు దాటించారు.

ఇప్పుడు పందిట్లో పాటకంటే ముందు కూత నేర్పుతున్నారు. మొన్న ఎండుటాకు రాలితే పిచ్చుకపిల్ల గద్దనుకుని కూసింది. అందరికంటే ముందు పావురం తాతే రొప్పుతూ వచ్చి, ఆకును చూసి, పిల్ల పక్కన చతికిలబడ్డాడు.

"గొంతు బాగుందే," అన్నాడు. "ఎప్పుడు అనుమానమొచ్చినా ఇలాగే కూయి."

మంగులు నవ్వుకుంటూ ఇద్దరికీ మేత పెట్టింది.