వంతెనకి కింది వైపు

వాగు బాగు సంఘం పెద్దాయన మా ఇంటికొచ్చి, వంతెన మీద నా కూతురి ఫొటో పెడతామన్నాడు.

"వాగు కోసం ప్రాణమిచ్చిన పిల్లమ్మా. ఇప్పుడు చూడండి, నీళ్లు అద్దంలా ఉన్నాయి."

"అద్దం మీకు, చెత్త మాకా అయ్యా?" అన్నాను.

మా ఇల్లు వంతెనకి దిగువన, వాగు ఒడ్డునే. సంఘం వాళ్లు ఆదివారం ఆదివారం నీళ్లమీద అల్లుకున్న గుర్రపుడెక్కని గట్టుకి లాగే ఓపిక లేక, కర్రలతో వంతెన కిందుగా దిగువకి తోసేస్తారు. అదంతా వచ్చి మా దగ్గర పేరుకుంటుంది. నా పిల్లా ఆ సంఘంలోదే. "మావాళ్లు తోసింది నేనైనా తియ్యాలి కదమ్మా" అని ఒక్కతే దిగింది. డెక్క కాళ్లకి చుట్టుకుంది. మళ్లీ పైకి రాలేదు.

"ఫొటో మీ ఇష్టం. ఆ డెక్కని మాత్రం గట్టుకి లాగించండయ్యా, అదే చాలు."

"తప్పకుండానమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచివాడే అనుకున్నాను.

ఆదివారం ఫొటో పెట్టారు. మైకులో నా కూతుర్ని తెగ పొగిడారు. నేనూ ఏడ్చాను.

మర్నాడు తలుపు తీస్తే మెట్ల దాకా డెక్క. ఈసారి దాంట్లో నా పిల్ల ఫొటోకి వేసిన పూలు కూడా ఉన్నాయి.