పాట లేని క్యాసెట్

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక మా అబ్బాయి అమన్ పక్కన కూర్చోబెట్టి దిద్దించాడు. ఒత్తులు ఇంకా చేతికి లొంగవు. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

"ఇందులో పాట ఏదమ్మా?"

ఇయర్‌ఫోన్ తన చెవిలోంచి తీసి అడిగాడు కొట్టు యజమాని లక్ష్మీకాంత్.

"పాట లేదండీ. ఆ చప్పుడే" అంది జరీనా.

"క్యాసెట్ చెడిపోయినట్టుంది. ఎవరో రేవులో బట్టలు ఉతుకుతున్నట్టు వస్తోంది. ఇయర్‌ఫోన్ మంచిదో కాదో తెలియాలంటే పాట పెట్టాలమ్మా. ఉండండి, నా దగ్గర ఉన్నాయి."

"వద్దండీ. ఇదే వినపడాలి. మా ఆయనకి."

బీసెంట్ రోడ్డు పక్క సందులో, మేడ మీద ఉంది ఆ కొట్టు. 2006 వేసవి. గాజు బల్ల ముందు స్టూలు మీద బురఖాలో జరీనా కూర్చుంది. మెట్లెక్కి వచ్చిందని ఆ స్టూలు అడిగి వేయించినవాడు ఆమె భర్త కాశిం. ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీసే పని అతనిది. పద్దెనిమిదేళ్ల సుత్తి దెబ్బలు అతని చెవుల్ని సగం తినేశాయి. బల్ల మీద అరువు తెచ్చుకున్న వాక్‌మన్ ఉంది. అందులో ఉన్నది నర్సు తెరేసమ్మ గారు డ్యూటీ మధ్యలో రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్.

ఆ చప్పుడు మొన్న తెరేసమ్మ గారి గదిలో ఉన్న వాళ్లందరూ విన్నారు. కాశిం కూడా విన్నానని తల ఊపాడు. పదమూడేళ్ల కాపురంలో జరీనాకి ఆ తల ఊపడం బాగా తెలుసు. వినపడని ప్రతిదానికీ అలాగే ఊపుతాడు. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఆ సగం కంచం చూసినప్పుడే, ఎలాగైనా ఇతనికి వినిపించాలని ఆమె అనుకుంది.

లక్ష్మీకాంత్ మొదట యాభై రూపాయలది ఇచ్చాడు. గుండ్రంగా బిళ్లల్లా ఉన్నాయి. చెవి అంచున ఆగిపోయాయి. కాశిం తల ఊపాడు.

"వినిపిస్తోంది. తీసుకుందాం పద."

"ఎలా కొడుతోందో బల్ల మీద వేలితో కొట్టి చూపించండి."

అతని వేలు గాల్లోనే ఉండిపోయింది.

"అబద్ధం" అంది జరీనా.

"పోనీలేవే. నువ్వు విన్నావుగా, చాలదా?"

"చాలదు."

రెండోది నూట ఇరవై. "దీని బాసు చూడండి భాయ్, గుండెలదిరిపోతాయి" అన్నాడు లక్ష్మీకాంత్. జరీనా ఒకటి తన చెవిలో పెట్టుకుని చూసింది. అంతా ఒకటే హోరు. కాశిం వేలు రెండు దెబ్బలకి ఒకసారి పడుతోంది.

"కలిసిపోతున్నాయండీ. విడివిడిగా వినపడాలి."

మైలవరం నుంచి రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చిన రామకోటేశ్వరరావు గారు ఇందాకటి నుంచి ఇదంతా చూస్తున్నారు. ఇక ఆగలేక చెయ్యి చాపారు.

"ఏదీ, ఇటివ్వండి." కళ్లు మూసుకుని విన్నారు. "ఉతకడం ఏంటయ్యా లక్ష్మీకాంతూ, నీ మొహం! ఇది ఆయిల్ ఇంజను. మా బావి మీద ఇలాంటిదే ఉండేది. చేతులు చూస్తే సాయిబు గారు బండ్ల మనిషిలా ఉన్నారు, ఇంజను బాగోగులు చూసుకుంటున్నారు. పాతదా అమ్మా?"

"కొత్తదేనండీ" అంది జరీనా నవ్వు ఆపుకుంటూ.

మూడోది రబ్బరు టోపీలున్నది. "ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. చెవి లోపలికి దిగుతాయి. రెండొందల యాభై." కాశిం పెట్టుకున్నాడు. ఒకటి జారి కిందపడింది. మళ్లీ పెట్టుకుని, తల ఊపబోయి, భార్య చూపుకి ఆగాడు.

"ఇంతకన్నా మంచిది కావాలంటే వెయ్యి పైమాటేనమ్మా" అన్నాడు లక్ష్మీకాంత్.

జరీనా చేతిసంచి తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ సంచిలో ఉన్నది రెండు వందలే.

కాశిం రబ్బరు టోపీని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"సైజు తేడాగా ఉందండీ. డోరుకి రబ్బరు బీడింగు సరిగ్గా కూర్చోకపోతే, ఎంత ఖరీదైన కారైనా రోడ్డు చప్పుడంతా లోపలే ఉంటుంది. దీనికన్నా చిన్నవి ఉన్నాయా?"

పెట్టె అడుగున ఉన్నాయి. అతనే మార్చాడు. చెవి పైకి లాగి, కారు తలుపుకి బీడింగు నొక్కినట్టు నెమ్మదిగా నొక్కాడు. జరీనా మీట వేసింది.

కాశిం తల ఊపలేదు. అసలు కదల్లేదు.

కాసేపటికి అతని వేలు బల్ల మీద పడింది. మళ్లీ పడింది. టకటకా పడుతూనే ఉంది. జరీనా అతని రెండో చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుంది. ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు.

"ఇంత వేగమా?" కొట్టంతా వినపడేలా అరిచాడు కాశిం.

"అలాగే ఉంటుందట. తెరేసమ్మ గారు చెప్పారు."

"ఎక్కడా ఆగట్లేదే!"

"ఎందుకాగుతుందండీ" అంది జరీనా.

"రెండొందలే ఇవ్వండి భాయ్. లేకపోతే నా గాజు బల్ల పగిలేలా ఉంది" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఎక్కడా ఆగట్లేదంటే ఇంజను భేషుగ్గా ఉన్నట్టే. ఇక దిగులు పడకండి సాయిబు గారూ" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

కాశిం అవి చెవుల్లోంచి తియ్యనే లేదు. ఒక మెట్టు ముందు తను దిగి, వెనక్కి తిరిగి చెయ్యి అందించి, ఒక్కో మెట్టూ ఆమెను దింపాడు. ఆటో ఎక్కాక "గుంటల్లో మెల్లగా పోనీ" అని డ్రైవరుని వారధి దాకా విసిగించాడు.

మూడు నెలలకు ఆ గుండె చప్పుడు పుట్టింది, అమన్ అని పేరు పెట్టుకున్నారు.

జరీనా, యాభై నాలుగేళ్లు, మంగళగిరి.